మంచు మీద గురువు ఎప్పుడు?



అమెరికాలో, కెనడాలో మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో శనివారం పొద్దున ఏ ఐస్ రింకుకి వెళ్ళినా తెలుగు వినిపిస్తుంది. హెల్మెట్ పెట్టుకుని, మందపాటి చేతి తొడుగులు వేసుకుని, నాలుగేళ్ళ పిల్లలు మంచు మీద తప్పటడుగులు వేస్తుంటారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు శాలువాలు కప్పుకుని బెంచీల మీద కూర్చుని, పిల్ల పడినప్పుడల్లా ఉలిక్కిపడుతుంటారు. కూచిపూడి, సంగీతం, మనబడి, ఈత, లెక్కల క్లాసు, వీటన్నిటి మధ్యా ఫిగర్ స్కేటింగ్ కూడా మన పిల్లల వారంలో చోటు సంపాదించుకుంది. ఆ రింకుల్లో తల్లిదండ్రులు ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటుంది. "మా పాపకి అయిదేళ్ళు. గ్రూప్ క్లాసుకి వెళ్తోంది. ప్రైవేట్ లెసన్లు ఇప్పుడే పెట్టించాలా, ఇంకా ఆగాలా?" ఈ రోజు ఆ ప్రశ్న గురించే మాట్లాడతాను. మా అమ్మాయిని చిన్నప్పటి నుంచి రింకుకి తిప్పిన తల్లిగా, ఎందరో కోచ్‌లతో, తల్లిదండ్రులతో రింకు గోడ పక్కన నిలబడి మాట్లాడిన అనుభవంతో చెబుతున్నాను.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. పిల్ల వయసు చూసి ఈ నిర్ణయం తీసుకోకండి. క్లాసు అయిపోయాక, కోచ్ పక్కన లేనప్పుడు, మీరు ఏమీ చెప్పనప్పుడు, పిల్ల మంచు మీద తనంతట తాను ఏం చేస్తోందో చూడండి. ఆ రోజు నేర్పినదాన్ని మళ్ళీ ప్రయత్నిస్తోందా? రాకపోతే కాసేపు విసుక్కుని, తిరిగి మొదలుపెడుతోందా? అలా చేస్తుంటే ఆ పిల్లకి సొంతంగా ఒక గురువు అవసరమైన సమయం వచ్చినట్టే. అంతవరకూ గ్రూప్ క్లాసు, అందరూ వచ్చి స్కేట్ చేసుకునే పబ్లిక్ సెషన్ చాలు. నేను ఇలా ఎందుకు అంటున్నానో ఒక్కొక్కటిగా చెబుతాను.

మన ఇళ్ళలో ప్రైవేటు పెట్టించడం అనేది చదువుతో ముడిపడిన అలవాటు. పిల్లవాడు లెక్కల్లో వెనకబడితే ప్రైవేటు. ముందున్నా, ఇంకా ముందుకు పోవాలని ప్రైవేటు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. ఆ నమ్మకాన్నే రింకుకి కూడా తీసుకొస్తాం. పక్కింటి పిల్లకి కోచ్ ఉందని తెలియగానే మన పిల్లకి ఏదో లోటు చేస్తున్నామన్న బెంగ మొదలవుతుంది. ఆ బెంగ పిల్ల మీద ప్రేమలోంచి వచ్చిందే, కాదనను. అయితే మంచు మీద మొదటి రెండేళ్ళలో పిల్లకి కావాల్సినవి వేరు. వాటిని గ్రూప్ క్లాసు చాలా బాగా ఇస్తుంది.

అమెరికాలో చాలా రింకులు లెర్న్ టు స్కేట్ యూఎస్ఏ అనే పాఠ్యక్రమాన్ని పాటిస్తాయి. బడికి వెళ్ళని వయసు పిల్లలకి స్నోప్లో సామ్ అని నాలుగు మెట్లు ఉంటాయి. ఆ పైన బేసిక్ 1 నుంచి బేసిక్ 6 వరకు ఆరు స్థాయిలు. కెనడాలో అయితే కాన్‌స్కేట్ అనే కార్యక్రమం ఉంది. మొట్టమొదట నేర్పేది పడటం, లేవటం. అవును, ఎలా పడాలో, పడ్డాక మోకాళ్ళ మీదికి వచ్చి, చేతులు ఊని, ఒక్కో పాదం మీద ఎలా లేవాలో మొదటి క్లాసులోనే నేర్పుతారు. తర్వాత అడుగులు వేయడం, రెండు పాదాల మీద జారడం, పాదాలు రెంటినీ బయటికి తోసి మళ్ళీ దగ్గరికి లాక్కునే స్విజిల్స్, మంచును పక్కకి గీకుతూ ఆగే స్నోప్లో స్టాప్ వస్తాయి. ఇవన్నీ పిల్లలు తోటి పిల్లల్ని చూసి నేర్చుకునేవే. ముందు నిలబడ్డ పిల్ల పడి, నవ్వి, లేచిందంటే వెనకున్న పిల్లకి భయం సగం పోతుంది. ఎంత మంచి కోచ్ అయినా ఆ ధైర్యాన్ని మాటలతో ఇవ్వలేరు.

నాలుగేళ్ళ పిల్లకి ప్రైవేట్ లెసన్ పెట్టిస్తే ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. మొదటి అయిదు నిమిషాలు శ్రద్ధగా వింటుంది. తర్వాత మంచు మీద పడుకుని, చేతి తొడుగుతో మంచు పొడి పోగుచేయడం మొదలుపెడుతుంది. ఆ వయసుకి అది సహజం. కోచ్ ఆ పిల్లని ఆడిస్తూ, బొమ్మలు ఎరగా వేస్తూ మిగతా సమయం గడుపుతుంది. పిల్లకి సరదాగానే ఉంటుంది, తప్పేమీ లేదు. కానీ అదే సరదా, అదే నేర్పు గ్రూప్‌లో అంతకంటే తక్కువ ఖర్చుతో దొరుకుతాయి. విపరీతంగా భయపడే పిల్లలు, అందరిలో ఉంటే చెవి సరిగా వినపడని పిల్లలు, ఒక్కరితో ఒక్కరు ఉంటేనే కుదురుకునే పిల్లలు ఉంటారు. వాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి మొదట్లోనే ఒకటి రెండు ప్రైవేట్ లెసన్లు ఎంతో సాయం చేస్తాయి. అలా ధైర్యం చిక్కాక గ్రూప్‌లోకి వెళ్ళవచ్చు.

మరి ప్రైవేట్ లెసన్ అసలు ఉపయోగం ఎక్కడ మొదలవుతుంది? దీనికి స్కేటు అడుగున ఉండే బ్లేడు గురించి కొంచెం చెప్పాలి. ఫిగర్ స్కేటు బ్లేడు సుమారు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాని అడుగు భాగం చదునుగా ఉండదు, మధ్యలో సన్నని గాడిలా లోపలికి ఉంటుంది. అందువల్ల ప్రతి బ్లేడుకీ రెండు అంచులు ఏర్పడతాయి, లోపలి అంచు ఒకటి, వెలుపలి అంచు ఒకటి. ముందు వైపు టో పిక్ అనే పళ్ళు ఉంటాయి. కొత్త పిల్లలు బోర్లా పడేది చాలాసార్లు ఆ పళ్ళు తట్టుకునే. ఈ ఆటలో అందమంతా ఆ అంచుల మీదే ఉంది. ఏ పాదం, ఏ అంచు, ముందుకా వెనక్కా, దీన్ని బట్టే ప్రతి మలుపుకీ, ప్రతి గెంతుకీ పేరు వస్తుంది. సంగీతంలో సరళీ స్వరాలు ఎలాగో, స్కేటింగ్‌లో అంచుల మీద నిలకడగా జారడం అలాంటిది. అక్కడ తప్పు అలవాటైతే పైన కట్టేదంతా వంకరగానే వస్తుంది.

బేసిక్ నాలుగు, అయిదు స్థాయిల ప్రాంతంలో ఒక కాలిని ఇంకో కాలి మీదుగా దాటిస్తూ ముందుకు సాగే క్రాస్‌ఓవర్లు, తర్వాత వెనక్కి క్రాస్‌ఓవర్లు, త్రీ టర్న్ అనే మలుపు వస్తాయి. ముందుకు జారుతూ, ఒకే పాదం మీద, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మారి వెనక్కి తిరగడమే త్రీ టర్న్. మంచు మీద పడే గీత ఇంగ్లీషు అంకె మూడులా ఉంటుంది. సరిగ్గా ఇక్కడే గ్రూప్ క్లాసు సరిపోకపోవడం మొదలవుతుంది. ఎనిమిదిమంది పిల్లలున్న అరగంట క్లాసులో ఒక్కో పిల్లకి కోచ్ చూపు దక్కేది మూడు, నాలుగు నిమిషాలే. ఒక పిల్ల భుజాలు ముందే తిప్పేస్తుంది. ఇంకొకరు మోకాలు వంచరు. వేరొకరు కళ్ళు కిందికి దించి తమ కాళ్ళనే చూసుకుంటారు. పైకి అందరిదీ ఒకే తప్పులా కనిపిస్తుంది, కారణం మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కొక్కటి. ఆ కారణాన్ని పట్టుకోవడానికి ఒక్క పిల్లనే చూసే కన్ను కావాలి. ప్రైవేట్ లెసన్ చేసే మేలు ఇదే. ఒంటికాలి స్పిన్, వాల్ట్జ్ జంప్, ఆ తర్వాత వచ్చే సాల్కో, టో లూప్, లూప్, ఫ్లిప్, లుట్జ్, చివరికి యాక్సెల్ అనే గెంతులు, ఇవి నేర్చుకోవాలనుకునే పిల్లకి సొంత కోచ్ లేకుండా ముందుకు పోవడం కష్టం.

ఇప్పుడు మన బెంగ దగ్గరికి వద్దాం. "ఆలస్యం చేస్తే వెనకబడిపోదా?" ఈ మాటకి రికార్డులే సమాధానం చెప్పనివ్వండి. 2022లో బీజింగ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన నేథన్ చెన్ సాల్ట్ లేక్ సిటీలో మూడేళ్ళ వయసులో మంచు ఎక్కాడు. నిజమే. 1988లో కాల్గరీలో బంగారం గెలిచిన బ్రయన్ బోయిటానో ఎనిమిదేళ్ళకి మొదలుపెట్టాడు. 1984లో సారయేవోలో గెలిచిన స్కాట్ హామిల్టన్ తొమ్మిదేళ్ళకి. 2018లో అమెరికా జట్టుతో కాంస్యం అందుకున్న ఆడమ్ రిపన్ పదేళ్ళకి. 2004 నుంచి 2006 వరకు వరుసగా మూడుసార్లు అమెరికా జాతీయ చాంపియన్ అయిన జానీ వీర్ అయితే పన్నెండేళ్ళ ప్రాయంలో మొదలుపెట్టాడు. అమ్మాయిల్లో పెద్ద పోటీలకి చేరినవాళ్ళు ఎక్కువమంది అయిదు, ఆరేళ్ళకే మంచు ఎక్కిన మాట వాస్తవం. మిషెల్ క్వాన్ అయిదేళ్ళకి మొదలుపెట్టింది. 2025లో ప్రపంచ చాంపియన్ అయిన అలీసా లియూ కూడా అంతే. అయితే ఒక్క విషయం గమనించండి. మంచు ఎక్కడం వేరు, ప్రైవేట్ కోచ్ దగ్గర సాధన మొదలుపెట్టడం వేరు. ఈ రెంటినీ కలిపి చూడటం వల్లే మన బెంగ పెరుగుతోంది. చిన్నప్పుడే మంచుతో పరిచయం చేయండి, తప్పకుండా చేయండి. గురువు సంగతి పిల్ల సిద్ధమయ్యాక చూద్దాం.

నేథన్ చెన్ గురించి మరో మాట. ఆ అబ్బాయి స్కేటింగ్‌తో పాటు బ్యాలే నేర్చుకున్నాడు, జిమ్నాస్టిక్స్ చేశాడు, పియానో వాయించాడు, ఐస్ హాకీ ఆడాడు. ఆ వయసులో ఒళ్ళు రకరకాలుగా కదలడం నేర్చుకుంది. మన పిల్ల కూచిపూడి మానేసి రింకులోనే ఉండాలని ఎవరైనా అంటే ఈ ఉదాహరణ గుర్తు చేసుకోండి. అడుగులు, లయ, అరమండిలో మోకాళ్ళ బలం, ముఖంలో భావం, ఇవన్నీ మంచు మీద పనికొచ్చేవే.

తొందర అక్కరలేదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఆటని ప్రపంచస్థాయిలో నడిపించే అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ 2022 జూన్‌లో ఒక నిర్ణయం తీసుకుంది. సీనియర్ పోటీల్లో పాల్గొనడానికి కనీస వయసును 15 నుంచి మెల్లగా 17కి పెంచింది. 2023-24లో 16 అయింది, 2024-25 నుంచి 17. పిల్లల ఆరోగ్యం, మానసిక క్షేమం చూసి చేసిన మార్పు ఇది. అంటే ఈ ఆటలో అత్యున్నత స్థాయి కూడా ఇప్పుడు పిల్లల్ని ఎదగనివ్వమనే చెబుతోంది. అలాంటప్పుడు అయిదేళ్ళ పిల్ల విషయంలో మనకెందుకు హడావిడి?

ఇక పిల్ల సిద్ధమైందని తెలిపే గుర్తుల గురించి చెబుతాను. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

మొదటిది నేను ముందే చెప్పాను. వారాంతంలో పబ్లిక్ సెషన్‌కి తీసుకెళ్ళండి. ఏమీ చెప్పకుండా బయట కూర్చోండి. పిల్ల చుట్లు కొడుతూ, తోటి పిల్లలతో పరుగులు తీస్తూ ఆనందంగా ఉంటే మంచిదే, అలాగే ఉండనివ్వండి. మధ్యమధ్యలో ఓ మూలకి వెళ్ళి, ఒంటికాలి మీద జారడమో, వెనక్కి స్విజిల్సో ప్రయత్నిస్తుంటే మాత్రం గుర్తుపెట్టుకోండి. రెండోది, పదిహేను, ఇరవై నిమిషాలు ఒకే పెద్దమనిషి చెప్పేది వినగలుగుతుందా? కూచిపూడి క్లాసులోనో, బడిలోనో చూస్తే మీకే తెలుస్తుంది. మూడోది, తప్పు దిద్దితే ఎలా తీసుకుంటుంది? "చేయి ఇలా పెట్టు" అంటే కళ్ళనీళ్ళు పెట్టుకునే పిల్లకి ఇంకా కాస్త సమయం ఇవ్వాలి. నాలుగోది, పడ్డాక మిమ్మల్ని వెతుక్కుంటుందా, తనే లేస్తుందా? అయిదోది, ముఖ్యమైనది, అడుగుతోందా? "అమ్మా, ఆ అక్కలాగా నేను కూడా తిరగాలి, ఎవరు నేర్పుతారు?" అని ఒక్కసారి కాదు, కొన్ని వారాల పాటు అడుగుతోందా? ఈ గుర్తులు కొందరిలో అయిదేళ్ళకి కనిపిస్తాయి, కొందరిలో ఏడేళ్ళకి, మరికొందరిలో పదేళ్ళకి. ఒకే ఇంట్లో అక్కకీ చెల్లికీ తేడా ఉంటుంది. ఏదీ ఆలస్యం కాదు.

ఇక్కడ తల్లిదండ్రులు తరచుగా మరిచిపోయే సంగతి ఒకటుంది, సాధన. ప్రైవేట్ లెసన్ ఎంత మంచిదైనా, వారంలో ఇంకెప్పుడూ పిల్ల మంచు ఎక్కకపోతే కోచ్ ప్రతివారం పోయినవారం చెప్పిందే మళ్ళీ చెప్పాల్సి వస్తుంది. అందుకని లెక్క ఇలా వేసుకోవాలి. ప్రతి ఒక్క లెసన్‌కీ కనీసం ఒకసారైనా పిల్ల సొంతంగా సాధన చేసుకునే సమయం ఉండాలి. రెండుసార్లు ఉంటే ఇంకా మంచిది. అది కుదరకపోతే డబ్బు ఉన్నా సరే, లెసన్ పెట్టించడం ఆపండి, ముందు సాధనకి దారి చూసుకోండి.

డబ్బు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. ప్రైవేట్ లెసన్ అంటే కోచ్‌కి ఇచ్చేది ఒకటే కాదు. మంచు అద్దె వేరే కట్టాలి. ధరలు ఊరిని బట్టి, కోచ్ అనుభవాన్ని బట్టి మారతాయి కాబట్టి, లెక్క తెలియడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. కోచ్ అరగంటకి 45 డాలర్లు, మంచు ఒకసారికి 15 డాలర్లు. వారానికి ఒక లెసన్, ఒక సాధన అంటే 75 డాలర్లు. నాలుగు వారాలకి 300. దీని మీద స్కేట్లు, బ్లేడు పదును పెట్టించడం, చలి బట్టలు. పిల్ల పోటీలకి, పరీక్షలకి సిద్ధమైతే ఆ ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. అందుకని అరగంట బదులు పదిహేను, ఇరవై నిమిషాల లెసన్‌తో మొదలుపెట్టండి. చిన్నపిల్లకి అది చాలు. చాలామంది కోచ్‌లు అలా ఒప్పుకుంటారు. ఒకే స్థాయిలో ఉన్న ఇద్దరు స్నేహితురాళ్ళకి కలిపి చెప్పే లెసన్లు కూడా ఉంటాయి. రెండు కుటుంబాలూ ఖర్చు పంచుకోవచ్చు, పిల్లలకి తోడూ ఉంటుంది. ఇంకొక్క మాట, పిల్ల ఎదుట ఈ డబ్బు ఎత్తి చూపకండి. "నీ కోసం ఇంత పెడుతున్నాం, సరిగ్గా చేయవేం?" అన్న మాట ఒక్కసారి చెవిన పడితే, ఆ పిల్లకి మంచు మీద ప్రతి పడటమూ అప్పులా అనిపిస్తుంది.

కోచ్‌ని ఎలా ఎంచుకోవాలి? గ్రూప్ క్లాసులో పిల్ల ఇష్టపడిన కోచ్ ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి. రింకు స్కేటింగ్ డైరెక్టర్‌ని అడగండి. మొదటి రెండు, మూడు లెసన్లు పరిచయం కోసమని ఇద్దరూ ముందే అనుకోండి. "ఈ వయసు పిల్లలకి చెప్పడం మీకు ఇష్టమేనా?" అని నేరుగా అడగండి. పెద్ద పోటీల్లో గెలిచినవాళ్ళందరూ చిన్నపిల్లలకి బాగా చెప్పలేరు. చిన్నపిల్లలకి అద్భుతంగా చెప్పే కోచ్ ఏనాడూ పతకం గెలిచి ఉండకపోవచ్చు. పిల్ల పడినప్పుడు కోచ్ ముఖం చూడండి, అందులో మీకు చాలా తెలుస్తుంది.

భద్రత విషయంలో మొహమాటం అసలు వద్దు. అమెరికాలో ఆటల్లో పిల్లల్ని కాపాడటానికి యూఎస్ సెంటర్ ఫర్ సేఫ్‌స్పోర్ట్ అనే సంస్థ 2017లో పని మొదలుపెట్టింది. యూఎస్ ఫిగర్ స్కేటింగ్ పరిధిలో పనిచేసే కోచ్‌లు నేపథ్య పరిశీలనకి ఒప్పుకోవాలి, సేఫ్‌స్పోర్ట్ శిక్షణ పూర్తి చేయాలి. ఇవి ఉన్నాయా అని అడగడం మీ హక్కు. మంచి కోచ్ ఎవరూ దానికి నొచ్చుకోరు. ఒక్కరితో ఒక్కరు చేసే శిక్షణ ఇతరులకి కనపడేలా, ఎవరైనా మధ్యలో వచ్చి ఆపగలిగేలా ఉండాలన్నది నియమం. పిల్లకి కోచ్ విడిగా ఫోన్ సందేశాలు పంపడం, మీకు చెప్పకుండా ఎక్కడికైనా తీసుకెళ్ళడం కుదరదు. గురువు అంటే మనకి ఎంతో గౌరవం. ఆ గౌరవం ఉంటూనే, ప్రశ్న అడిగే ధైర్యం కూడా మనకి ఉండాలి. పిల్లకి కూడా నేర్పాలి, "నీకు ఇబ్బందిగా అనిపించింది ఏదైనా సరే, ఇంట్లో చెప్పు, నిన్ను ఎవరూ ఏమీ అనరు" అని.

స్కేట్ల గురించి ఒకటి రెండు మాటలు. అద్దె స్కేట్లు మెత్తబడిపోయి, చీలమండని సరిగ్గా పట్టుకోవు. ప్రైవేట్ లెసన్ మొదలుపెట్టే సమయానికి సొంత స్కేట్లు ఉంటే పిల్ల పడే కష్టం తగ్గుతుంది. ఎదిగే పిల్ల కదా అని రెండు సైజులు పెద్దవి కొనకండి. బూటు లోపల పాదం జారుతుంటే అంచు నిలవదు. రెండు జతల మేజోళ్ళు వేయకండి, పల్చటి జత ఒక్కటి చాలు. పెద్ద గెంతులు వేసేవాళ్ళ కోసం చేసిన బిరుసు బూట్లు చిన్నపిల్లకి వద్దు, మోకాలు వంచనివ్వవు. వాడిన స్కేట్లు మంచి స్థితిలో దొరికితే కొనడానికి సందేహించకండి. ఏ స్థాయికి ఏ బూటు అన్నది కోచ్‌ని అడిగి, పాదం కొలిపించి తీసుకోండి. మంచు దిగగానే బ్లేడు తుడిచి, గుడ్డ తొడుగు వేయండి, లేకపోతే తుప్పు పడుతుంది.

ఒంటి సంగతి. పిల్లల ఎముకలు ఇంకా పెరుగుతుంటాయి. ఒకే గెంతు, ఒకే కాలి మీద, రోజూ పదే పదే దిగితే ఆ ఎముకలు, కీళ్ళు అలసిపోతాయి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో ఇచ్చిన నివేదికలో, చాలా ఆటల్లో ఒక్కదానికే అంకితం కావడం పదిహేను, పదహారేళ్ళ వరకు వాయిదా వేయడం మేలని చెప్పింది. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి విరామం, ఏడాదిలో నెల చొప్పున మొత్తం మూడు నెలలు ఆ ఆటకి దూరంగా ఉండటం మంచిదని సూచించింది. ఫిగర్ స్కేటింగ్‌లో పిల్లలు చిన్న వయసులోనే పోటీలకి వెళ్తారన్న మాట నిజమే. అందుకే విరామం గురించి మనం ఇంకా ఎక్కువ పట్టించుకోవాలి. వేసవిలో ఇండియా వెళ్ళినప్పుడు ఆరు వారాలు మంచు దొరకదని దిగులుపడకండి. తాతయ్య ఇంట్లో గడిపిన ఆ ఆరు వారాలు పిల్ల కాళ్ళకీ మనసుకీ మేలే చేస్తాయి.

ఇండియాలో వింటున్న శ్రోతలకి ఒక మాట. మన రెండు రాష్ట్రాల్లోనూ మంచు దొరకడం కష్టం, కానీ చక్రాల స్కేట్లు ప్రతి ఊళ్ళోనూ దొరుకుతాయి. ఆ చక్రాల మీద చేసే ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో కూడా ఇవే అంచులు, ఇవే మలుపులు, ఇవే గెంతులు ఉంటాయి. హైదరాబాదుకి చెందిన అనూప్ కుమార్ యామా 2010లో గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఆ విభాగంలో కాంస్యం గెలిచాడు. 1998లో నగానోలో పదిహేనేళ్ళకే ఒలింపిక్ బంగారం అందుకున్న తారా లిపిన్‌స్కీ కూడా ముందు చక్రాల స్కేట్ల మీదే మొదలుపెట్టి, ఆరేళ్ళకి మంచు మీదికి వచ్చింది. కాబట్టి మీ ఊళ్ళో రింకు లేదని పిల్ల ఆశని తుంచేయకండి. ప్రైవేట్ కోచింగ్ ఎప్పుడన్న ప్రశ్నకి అక్కడ కూడా ఇదే సమాధానం.

చివరిగా, మొదలుపెట్టడం గురించి మాట్లాడినప్పుడు ఆపడం గురించి కూడా మాట్లాడాలి. అలీసా లియూ 2019లో పదమూడేళ్ళకే అమెరికా జాతీయ చాంపియన్ అయింది. 2022లో, పదహారేళ్ళకి, ఇక చాలని ఆట నుంచి తప్పుకుంది. దాదాపు రెండేళ్ళు మామూలు పిల్లలా గడిపింది. తిరిగి తన ఇష్టంతోనే వచ్చింది, తన సంగీతం, తన సాధన తానే నిర్ణయించుకుంటూ వచ్చింది. 2025 మార్చిలో బోస్టన్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. మన పిల్లలందరూ ప్రపంచ చాంపియన్లు అవుతారని ఈ మాట చెప్పడం లేదు. ఆట ఎవరిదో, ఆ నిర్ణయం ఎవరిదో ఇందులో స్పష్టంగా కనిపిస్తుందని చెబుతున్నాను. మీ పిల్ల ఏదో ఒక రోజు "అమ్మా, ఇక వద్దు" అంటే వినండి. ఒక రోజు అలసటా, నిజంగా విసుగా అని తెలుసుకోవడానికి కొన్ని వారాలు ఆగండి, మాట్లాడండి. ఆపినా ఏమీ పోదు. పడి లేవడం, ఒంటరిగా సాధన చేయడం, దిద్దితే వినడం, ఇవి నేర్చుకున్న పిల్ల వీణ దగ్గర కూర్చున్నా, ప్రయోగశాలలో నిలబడ్డా వాటిని వెంట తీసుకెళ్తుంది.

కాబట్టి తల్లిదండ్రులారా, మూడు నాలుగేళ్ళకి మంచు పరిచయం చేయండి. గ్రూప్ క్లాసులో బేసిక్ స్థాయిలు ఆనందంగా ఎక్కనివ్వండి. వారానికి ఇంకోసారి పబ్లిక్ సెషన్‌కి తీసుకెళ్ళండి, వీలైతే మీరూ స్కేట్లు కట్టుకుని పక్కన నడవండి. పిల్ల తనంతట తాను సాధన చేయడం, నేర్పమని అడగడం మొదలుపెట్టాక, మంచి మనసున్న కోచ్‌ని చూసి, వారానికి ఇరవై నిమిషాలతో ప్రారంభించండి. మూడు నెలలకి ఒకసారి పిల్లనీ, కోచ్‌నీ విడివిడిగా అడిగి, కొనసాగించాలా లేదా నిర్ణయించుకోండి. అంతవరకూ పక్కింటి పిల్ల ఎంత ముందుకి వెళ్ళినా మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టండి, మన పిల్ల చేత కూడా కొట్టించండి. ఈ ఓపిక మీలో ఉంటే, మీ పిల్లకి సరైన సమయంలో సరైన గురువు దొరుకుతారన్న నమ్మకం నాకుంది.